బయటి కట్టెల బాయిలర్: కొనే ముందు వేయాల్సిన లెక్కలు, పొగ నియమాలు, బిగింపు, వాడకం

న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హాంటన్ దగ్గరి పల్లెలో మేం ఇల్లు కొన్నప్పుడు పెరట్లో చిన్న రేకుల గదిలాంటిది ఒకటి ఉంది. నెత్తిన పొట్టి పొగగొట్టం, ముందువైపు బరువైన ఇనుప తలుపు. అదే బయటి కట్టెల బాయిలర్. "చలికాలమంతా ఫ్రీగా వేడి" అని ఇల్లు అమ్మినాయన చెప్పాడు, మేమూ సంబరపడ్డాం. మొదటి డిసెంబరులోనే రోడ్డుకి అవతల ఉండే ఆవిడ తలుపు తట్టింది. పిల్లాడికి ఉబ్బసం ఉందనీ, మా పొగ వాళ్ల ఇంటి మీదే కూర్చుంటోందనీ, రాత్రిళ్లు వాడు నిద్రపోవడం లేదనీ చెప్పింది. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆ తర్వాత మూడేళ్లలో పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టించాను. నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. న్యూయార్క్, పెన్సిల్వేనియా, వెర్మాంట్ లాంటి చోట్ల గ్యాస్ లైను లేని పల్లెల్లో ఇల్లు కొనుక్కుని, శీతాకాలం హీటింగ్ ఆయిల్ బిల్లు చూసి టెన్షన్ పడుతున్న మనవాళ్ల కోసం ఇది.

ముందుగా, అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు పొగ వదులుతుంది

లోపల పెద్ద నిప్పుగది, దాని చుట్టూ కొన్ని వందల గ్యాలన్ల నీళ్లు. కట్టెల వేడికి నీళ్లు కాగుతాయి. ఆ నీళ్లను పంపు భూమిలో వేసిన పైపుల గుండా ఇంట్లోకి తోస్తుంది, వేడి అక్కడ వదిలేసి చల్లబడ్డ నీళ్లు తిరిగి బాయిలర్‌కి వస్తాయి. ఇంట్లో బూడిద ఉండదు, నిప్పు ఉండదు. అందుకే జనం దీన్ని ఇష్టపడ్డారు.

చిక్కు ఎక్కడంటే, పాత రకంలో నీళ్లు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాగగానే గాలి వెళ్లే మూత పడిపోతుంది. నిప్పుగది నిండా కట్టెలుంటాయి, గాలి మాత్రం ఉండదు. మంట లేకుండా కట్టె ఉడుకుతూ ఉంటుంది. వంటింట్లో పొయ్యి ఊదకుండా వదిలేస్తే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. మళ్లీ నీళ్లు చల్లబడి మూత తెరుచుకోగానే, అప్పటిదాకా పోగైన పొగంతా ఒక్కసారి బయటికొస్తుంది. చుట్టూ నీళ్లుండటం వల్ల నిప్పుగది గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి ఆ పొగలోని వాయువులు మండవు. పైగా పొగగొట్టం పొట్టిది. చలిగాలి నేలను పట్టుకుని కదలని రాత్రుల్లో పొగ పైకి లేవదు, పక్కింటి కిటికీ ఎత్తులోనే పాకుతుంది.

ఆ పొగ ఏమిటో కూడా తెలుసుకోండి. మండకుండా బయటికి పోయిన కట్టే అది. మీరు కొన్న, లేదా నరికి, చీల్చి, మోసుకొచ్చిన కట్టె. ఈ వ్యాసంలో ఖర్చు గురించి చెప్పేవీ, పొగ గురించి చెప్పేవీ చాలావరకు ఒకే విషయాలు కావడానికి కారణం ఇదే.

మొదటి దశ: మీ ఇంటికి ఎంత వేడి కావాలో బిల్లుల నుంచి తీయండి

డీలరు దగ్గరికి వెళ్లే ముందే ఇది చేయాలి. వెళ్లాక చేస్తే ఆయన చూపించిన పెద్ద సైజే మీ కంటికి ఆనుతుంది.

మా పాత బాయిలర్ ఒక శీతాకాలం మధ్యలో కారిపోయింది (ఎందుకో తర్వాత చెబుతాను). ఆ తర్వాతి శీతాకాలం మొత్తం ఆయిల్ ఫర్నేస్ మీదే నడిపాం. 900 గ్యాలన్లు అయింది. ఒక గ్యాలన్ హీటింగ్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల వేడి ఉంటుంది. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక బీటీయూ. 900 గ్యాలన్లంటే దాదాపు 12.5 కోట్ల బీటీయూలు. మా ఫర్నేస్ 85 శాతం సామర్థ్యం అనుకుంటే ఇంట్లోకి నిజంగా వచ్చింది 10.6 కోట్లు. మీరు ప్రొపేన్ వాడుతుంటే గ్యాలన్‌కి సుమారు 91,500, కరెంటు హీటర్లయితే యూనిట్‌కి 3,412 వేసుకోండి.

ఇప్పుడు అసలు ఉపయోగపడే లెక్క. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారెన్‌హీట్‌కి ఎన్ని డిగ్రీలు కిందుందో, అవి ఆ రోజు హీటింగ్ డిగ్రీ డేలు. మీ ఊరికి ఏడాది మొత్తానికి అవి ఎన్నో వాతావరణ శాఖ లెక్కల్లో దొరుకుతుంది. బింగ్‌హాంటన్‌కి సుమారు 7,000. 10.6 కోట్లను 7,000తో, మళ్లీ 24తో భాగిస్తే 630 వస్తుంది. బయట ఒక డిగ్రీ చల్లబడితే మా ఇంటికి గంటకు అదనంగా కావాల్సిన బీటీయూలు అవి. బయట సున్నా ఫారెన్‌హీట్ ఉన్న రాత్రి, 65 డిగ్రీల తేడాకి, గంటకు దాదాపు 41,000. కాస్త వెసులుబాటు వేసుకున్నా 50,000 చాలు.

మా పెరట్లో ఉన్న పాత బాయిలర్ గంటకు 2,00,000 బీటీయూలు ఇచ్చేది! అత్యంత చలి రాత్రి కూడా అది నాలుగో వంతే పనిచేస్తుంది. అక్టోబరులో, ఏప్రిల్‌లో అయితే రోజులో ఎక్కువ భాగం మూత మూసుకుని ఉడుకుతూనే ఉంటుంది. పక్కింటి పిల్లాడి దగ్గుకి కారణం కట్టెలు మాత్రమే కాదు, ఆ సైజు కూడా. ఈ ఒక్క లెక్క ఇల్లు కొన్న రోజే వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

రెండో దశ: వేడి బయటికి పోయే దారులు ముందు మూయండి

దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటి తలుపుకి ఫ్యాన్ బిగించి గాలి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష చేయించండి. అటక మీద సందులు మూయించి, ఆ తర్వాత ఇన్సులేషన్ పెంచండి. ఇక్కడ తగ్గించిన ప్రతి బీటీయూ వల్ల బాయిలర్ సైజు తగ్గుతుంది, చీల్చాల్సిన కట్టె తగ్గుతుంది.

మూడో దశ: ఖర్చు లెక్క, మొహమాటం లేకుండా

కట్టెలు ఇక్కడ కార్డ్ లెక్కన అమ్ముతారు. పూర్తి కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడవు పేర్చిన కుప్ప, 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అని కూడా అమ్ముతారు. అది ఎత్తూ పొడవూ అంతే ఉన్నా లోతు ఒక్క కట్టె పొడవే. కట్టె 16 అంగుళాలదైతే పూర్తి కార్డ్‌లో మూడో వంతు. ధర అడిగేటప్పుడు ఏ కార్డో మొదటే అడగండి. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

బాగా ఎండిన షుగర్ మేపుల్, రెడ్ ఓక్ కార్డ్‌లో సుమారు 2.4 కోట్ల బీటీయూలు ఉంటాయి. హికరీలో ఇంకా ఎక్కువ, 2.7 కోట్ల దాకా. పైన్, ఆస్పెన్ లాంటి తేలిక కట్టెలో 1.5 కోట్లు.

ఇక పోల్చి చూద్దాం. ధరలు మీ ఊరివి వేసుకోండి. నేను లెక్క కోసం ఆయిల్ గ్యాలన్‌కి 4 డాలర్లు, కార్డ్ 300 డాలర్లు, కరెంటు యూనిట్‌కి 20 సెంట్లు అనుకుంటున్నాను.

ఆయిల్: 900 గ్యాలన్లు, 3,600 డాలర్లు.

పాత బాయిలర్: సామర్థ్యం 45 శాతం అనుకుంటే ఒక కార్డ్ నుంచి ఇంటికొచ్చేది 1.08 కోట్లు. 10.6 కోట్లకి దాదాపు 10 కార్డ్‌లు. పాత భూగర్భ పైపు తినేసే వేడి కూడా కలిపితే 11 కార్డ్‌లు దాటుతుంది. 3,400 డాలర్లకు పైనే. అంటే కట్టెలు కొనుక్కుని పాత బాయిలర్ నడిపేవాళ్లకి ఆయిల్ మీద మిగిలేది దాదాపు ఏమీ లేదు. "ఫ్రీ వేడి" అన్నది ఇంతే.

కొత్త బాయిలర్: ఏడాది సగటు 70 శాతం వేసుకుంటే, పైపు నష్టంతో కలిపి 7 కార్డ్‌లు, 2,100 డాలర్లు. పంపుకి, ఫ్యాన్‌కి కరెంటు ఇంకో 150. ఆయిల్ మీద మిగులు 1,350. బాయిలర్, పైపు, తవ్వకం, బిగింపు అన్నీ కలిపి 20,000 డాలర్లు అయితే, ఆ డబ్బు తిరిగి రావడానికి 15 ఏళ్లు.

హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రం): ఒక యూనిట్ కరెంటుకి సగటున రెండున్నర రెట్ల వేడి ఇస్తుందనుకుంటే ఏడాదికి 12,400 యూనిట్లు, సుమారు 2,500 డాలర్లు. కట్టె మోయక్కర్లేదు, పొగ లేదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కట్టెలన్నీ కొనుక్కునే పరిస్థితి అయితే బయటి బాయిలర్ జోలికి వెళ్లకండి. హీట్ పంపు, దానికి తోడు ఇంట్లో ఒక చిన్న కట్టెల స్టవ్ నయం. మీకు సొంత చెట్లున్న నేల ఉంటే, శరీరం సహకరిస్తే, ఇంటితో పాటు గ్యారేజీ, పశువుల కొట్టం, గ్రీన్‌హౌస్ లాంటివి కూడా వేడి చేయాల్సి ఉంటే అప్పుడు దీనికి అర్థం ఉంది. మాకు పన్నెండు ఎకరాల అడవి ఉంది. సొంత కట్టెతో పెట్టుబడి ఆరేళ్లలో తిరిగొచ్చే లెక్క. కానీ ఒక కార్డ్ నరికి, చీల్చి, పేర్చడానికి నాకు ఏడెనిమిది గంటలు పడుతుంది, రంపం ఖర్చు వేరే. ఆ గంటలకు మీరు ఎంత విలువ కడతారో మీ ఇష్టం.

పన్ను రాయితీ సంగతి కూడా ఇక్కడే. 75 శాతం సామర్థ్యం ఉన్న కట్టెల బాయిలర్లకు 2023 నుంచి ఖర్చులో 30 శాతం, ఏడాదికి 2,000 డాలర్లు మించకుండా ఫెడరల్ రాయితీ ఉండేది. 2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించింది. ఎవరైనా ఇంకా ఆ రాయితీ చూపించి అమ్మబోతే నమ్మకండి. పాత బాయిలర్ అప్పగిస్తే డబ్బిచ్చే పథకం మీ రాష్ట్రంలో ఉందేమో మాత్రం పాతదాన్ని కదిలించక ముందే కనుక్కోండి. ముందే తీసేస్తే రుజువు ఉండదు.

నాలుగో దశ: నియమాలు మూడు అంచెల్లో చూడండి

చాలామంది ఒక అంచె చూసి ఆగిపోతారు. ఫెడరల్, రాష్ట్రం, టౌన్, మూడూ చూడాలి.

ఫెడరల్: 2007లో పర్యావరణ సంస్థ ఈపీఏ మొదలుపెట్టింది స్వచ్ఛంద పథకమే. పరీక్షలో నెగ్గిన మోడళ్లకు మొదట నారింజ రంగు, తర్వాత ఇంకా శుభ్రమైనవాటికి తెల్ల రంగు చీటీ తగిలించేవారు. తప్పనిసరి నియమం వచ్చింది 2015లో. ఆ ఏడాది మే 15 నుంచి, ఇంటికి అందే ప్రతి పది లక్షల బీటీయూలకు 0.32 పౌన్లకు మించి పొగ కణాలు రాకూడదు. 2020 మే 15 నుంచి అది 0.10కి తగ్గింది. పరీక్షను మామూలు చీల్చిన కట్టెలతో చేస్తే 0.15 దాకా ఒప్పుకుంటారు. పాత ప్రమాణం మోడళ్లు షాపుల్లో మిగిలిపోయినా ఆ తేదీ తర్వాత అమ్మకూడదు.

ఈ అంకెలు చేతికి తగిలేలా చెబుతాను. మా ఇంటికి కావాల్సింది 10.6 కోట్ల బీటీయూలు. 0.10 చొప్పున శీతాకాలం మొత్తానికి 10.6 పౌన్లు, అంటే ఐదు కిలోల లోపు పొగ కణాలు. 0.32 చొప్పున అయితే 15 కిలోలు. తెల్ల చీటీ మోడళ్లు ఏ చీటీ లేని పాతవాటికన్నా 90 శాతం శుభ్రమని ఈపీఏ అనేది. ఆ లెక్కన మా పాతది 150 కిలోలు. ఇరవై ఐదు కిలోల బియ్యం సంచులు ఆరు ఊహించుకోండి, అంత సన్నటి మసి ఒక్క ఇంటి నుంచి, ఒక్క చలికాలంలో, రోడ్డవతలి ఇంటి దిక్కుగా.

అయితే ఇవి ప్రయోగశాల అంకెలు. తడి కట్టెతో, పెద్ద సైజుతో నడిపితే ఇంట్లో ఇంకా ఎక్కువే వస్తుంది. ఆ ప్రయోగశాల పరీక్షల మీద కూడా అనుమానాలున్నాయి. హీటర్లను సరిగా పరీక్షించి సర్టిఫై చేస్తున్నారన్న భరోసా ఈ కార్యక్రమం ఇవ్వలేకపోతోందని ఈపీఏ సొంత తనిఖీ విభాగం, ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే, 2023 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎనిమిదేళ్లకోసారి ప్రమాణాలను సమీక్షించాలని చట్టం చెబుతున్నా చేయలేదంటూ అదే ఏడాది న్యూయార్క్‌తో సహా పది రాష్ట్రాలు దావా వేస్తామని నోటీసు ఇచ్చాయి. గాలిలో సన్న కణాల ఏడాది సగటు హద్దును 2024 ఫిబ్రవరిలో ఘనపు మీటరుకి 12 నుంచి 9 మైక్రోగ్రాములకు తగ్గించారు. మరుసటి ఏడాదే దాన్ని తిరగదోడతామని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. నియమాలు ఇలా అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. మీరు పెట్టే బాయిలర్ మాత్రం ఇరవై ఏళ్లు ఉంటుంది. అందుకే ఈ రోజు హద్దుకి సరిగ్గా ఆనిన మోడల్ కాకుండా దానికి బాగా కిందున్న మోడల్ ఎంచుకోవడం తెలివి. సర్టిఫై అయిన ప్రతి మోడల్ అంకె, సామర్థ్యం ఈపీఏ జాబితాలో ఉంటాయి. డీలరు కాగితం మీద అంకె కన్నా అది చూడండి.

రాష్ట్రం: న్యూయార్క్‌లో ఈ బాయిలర్ల నియమం 2011లో అమలుకొచ్చింది. ఇళ్లకు వాడే సైజు కొత్తది పెడితే ఆస్తి సరిహద్దు నుంచి కనీసం 100 అడుగులు లోపలికి ఉండాలి. పొగగొట్టం నేల నుంచి కనీసం 18 అడుగులు. సర్టిఫై కానిదాన్ని కొత్తగా పెట్టనివ్వరు, కాబట్టి ఎవరో పొలంలో చవగ్గా అమ్ముతున్న పాతదాన్ని తెచ్చి పెట్టుకుందామనుకోకండి. ముందునుంచీ ఉన్నవాటిని తీసేయమని ఫెడరల్ నియమం చెప్పదు. మీ రాష్ట్రం, టౌన్ పాతవాటి గురించి ఏమంటాయో మాత్రం కనుక్కోండి. వెర్మాంట్, మెయిన్, పెన్సిల్వేనియాలకు వేటి దూరాలు, ఎత్తులు వాటికున్నాయి.

టౌన్: ఇదే అందరూ మరిచిపోయేది. రాష్ట్రం ఒప్పుకున్నా కొన్ని టౌన్లు, గ్రామాలు వీటిని పూర్తిగా నిషేధించాయి, కొన్ని వేసవిలో నడపొద్దంటాయి. టౌన్ హాలుకి వెళ్లి కట్టడాల నియమాలు చూసే కోడ్ ఆఫీసరుని కలవండి, సమాధానం కాగితం మీద తీసుకోండి. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయడం కూడా ఆ రోజే పెట్టుకోండి.

ఐదో దశ: ఏ రకం, ఎంత సైజు

కొత్త ప్రమాణం అందుకునే మోడళ్లు చాలావరకు గ్యాసిఫికేషన్ రకం. పైగదిలో కట్టె వేడికి వాయువుగా మారుతుంది, ఫ్యాన్ ఆ వాయువును కిందనున్న ఇటుకల గదిలోకి లాగుతుంది, అక్కడ చాలా ఎక్కువ వేడిలో అది మండిపోతుంది. బాగా నడుస్తున్నప్పుడు పొగగొట్టం మీద వేడి గాలి అలలే కనిపిస్తాయి, పొగ కనిపించదు. మా ఇంట్లో అది మొదటిసారి చూసిన పొద్దున నేను బాయిలర్ ఆరిపోయిందనుకుని పరిగెత్తాను.

సైజు మొదటి దశ లెక్కకు దగ్గరగా ఉండాలి. దొరికే మోడళ్లలో చిన్నది కూడా మీకు పెద్దదైతే, వేడి నీళ్ల నిల్వ ట్యాంకు జత చేయండి. నిప్పు ఒకేసారి పూర్తి మంటతో మండి ట్యాంకుని వేడెక్కిస్తుంది, ఇల్లు ఆ ట్యాంకు నుంచి రోజంతా తీసుకుంటుంది. మూత మూసుకుని ఉడికే సమయం ఉండదు. డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. నా దృష్టిలో మాత్రం బాయిలర్ మీద పెట్టే అదనపు హంగులన్నిటికన్నా ఇదే విలువైన ఖర్చు.

ఆరో దశ: చోటు, గొట్టం, కందకం

చట్టం చెప్పిన దూరం కనీసం మాత్రమే. మీ పెరట్లో చలికాలం గాలి ఎటునుంచి ఎటు పోతుందో ఒక వారం గమనించండి. పల్లంలో ఇల్లుంటే పొగ కిందికే దిగుతుంది. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడి చోటు చూపించండి. నేను రోడ్డవతలి ఆవిడని తీసుకొచ్చి చూపించాకే ఇప్పుడున్న చోటు నిర్ణయించాం.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. న్యూయార్క్‌లో కనీసం రెండు పని దినాల ముందు చెప్పాలి. భూమిలో కరెంటు, ఫోన్, గ్యాస్ తీగలూ గొట్టాలూ ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెట్టి వెళ్తారు, డబ్బు తీసుకోరు.

పైపు దగ్గర పొదుపు చేయకండి. మా పాత పైపు నల్లటి ముడతల గొట్టంలో రేకు చుట్టిన సన్నటి పొరతో వేశారు. కొన్నేళ్లకు ఆ గొట్టంలోకి నీరు చేరింది. వేడి పైపు చల్లటి నీళ్లలో మునిగి ఉన్నట్టే. జనవరిలో పెరడంతా అడుగు మంచు ఉంటే, బాయిలర్ నుంచి ఇంటి దాకా గీత గీసినట్టు ఒక పచ్చటి చాలు, గడ్డి కనిపిస్తూ ఉండేది. అందంగా ఉందని మా ఆవిడ ఫొటో కూడా తీసింది. ఆ చాలు మా కట్టెలు భూమిలోకి పోతున్న దారి అని తర్వాత తెలిసింది. మీ ఇంట్లో పాత బాయిలర్ ఉంటే మొదటి మంచు పడ్డ మర్నాడు వెళ్లి చూడండి. మంచు కరిగిన గీత ఉంటే పైపు మార్చాల్సిందే. ఫ్యాక్టరీలోనే చుట్టూ పాలీయురేథేన్ ఫోమ్ నింపి, నీరు చొరని గొట్టంతో వచ్చే పెక్స్ (వేడి తట్టుకునే ప్లాస్టిక్) పైపు తీసుకోండి, ఆక్సిజన్‌ని అడ్డుకునే పొర ఉన్నది. కందకంలో నీరు నిలవకుండా దారి ఇవ్వండి.

ఏడో దశ: ఇంట్లో బిగింపు

వేడి గాలి ఫర్నేస్ ఉన్న ఇంట్లో, గాలి డక్టులో రేడియేటర్ లాంటి కాయిల్ పెడతారు. గోడల అడుగున పైపుల్లో వేడి నీళ్లు తిరిగే బేస్‌బోర్డ్ వ్యవస్థ అయితే పలకల హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టి రెండు నీళ్లనూ కలవకుండా ఉంచుతారు. పాత ఆయిల్ ఫర్నేస్‌ని తీసేయకండి. ఊరెళ్లినప్పుడు, ఒంట్లో బాగా లేనప్పుడు అదే దిక్కు.

పంపు సైజుకి తేలిక సూత్రం ఒకటుంది: నిమిషానికి ఎన్ని గ్యాలన్లు పారుతుందో దాన్ని, వెళ్లే నీటికీ వచ్చే నీటికీ ఉన్న డిగ్రీల తేడాతో, మళ్లీ 500తో గుణిస్తే గంటకు అందే బీటీయూలు. మా ఇంటి 50,000కి, 20 డిగ్రీల తేడాతో నిమిషానికి 5 గ్యాలన్లు చాలు. పైపు పొడవుని బట్టి ఆ ప్రవాహాన్ని తోయగల పంపు పెట్టుకుంటే చాలు, ఇంకా పెద్దది పెడితే కరెంటు దండగ.

రెండు విషయాలు బిగించేవాళ్లని గట్టిగా అడగండి. ఒకటి, తిరిగొచ్చే నీళ్లు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా బాయిలర్‌లోకి రాకుండా, వాటిలో వేడి నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ పెట్టారా? చల్లటి నీళ్లు వస్తే నిప్పుగది గోడల మీద తేమ చేరి, జిగట మసి పట్టి, ఇనుము లోపల్నుంచి తినేస్తుంది. రెండు, నీళ్లలో తుప్పు పట్టకుండా మందు కలిపారా, ఏటా పరీక్షకి పంపాలా? మా పాత బాయిలర్ కారిపోవడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి బావి నీళ్లు నేరుగా పోస్తూ వచ్చారు. వెల్డింగు అతుకు దగ్గర చిన్న చెమ్మగా మొదలై, ఒక జనవరి రాత్రి నిప్పులోకి నీళ్లు కారాయి. ఏటా నీటి పరీక్ష చేయించకపోతే చాలా కంపెనీల వారంటీ కూడా చెల్లదు.

కరెంటు పోతే పంపు ఆగుతుంది. చిన్న జనరేటరో, బ్యాటరీయో పంపుకి విడిగా ఏర్పాటు చేసుకోండి.

ఎనిమిదో దశ: కట్టె

ఎంత గొప్ప బాయిలర్ అయినా తడి కట్టె ముందు ఓడిపోతుంది. పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీరే. ఆ నీటిలో ప్రతి పౌనుని ఆవిరి చేయడానికి వెయ్యి బీటీయూలకు పైనే పోతుంది, నిప్పు చల్లబడి పొగ పెరుగుతుంది. కొత్త రకం బాయిలర్లకు తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, 20 లోపు ఉంటే మంచిది. చిన్న తేమ మీటరు కొనండి. కట్టె పైన కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి.

మా నాన్న ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ నడిపిన మనిషి. ఆకు కాల్చేటప్పుడు రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని సరుగుడు, తుమ్మ ఎగదోస్తూ వేడి చూసుకునేవాడు. ఇక్కడికొచ్చిన మొదటి వారమే నా కట్టెల కుప్ప దగ్గరికెళ్లి రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొట్టాడు. దబ్బుమని మొద్దు చప్పుడు. "రేయ్ అబ్బాయ్, ఇది ఇంకా పచ్చి. ఎండితే ఠంగుమని మోగాల. కొస చూడు, పగుళ్లేవీ?" అన్నాడు. మీటరు పెట్టి చూస్తే 34 శాతం. ఆ కుప్ప "ఎండిన కట్టె" అని డబ్బు పోసి కొన్నది. కొనేటప్పుడు ఇప్పటికీ నేను ముందు చప్పుడు వింటాను, తర్వాతే మీటరు.

ఎండడానికి టైము కావాలి. యాష్, మేపుల్ చీల్చి పేరిస్తే ఒక ఏడాది, ఓక్‌కి రెండేళ్లు పట్టొచ్చు. అంటే ఈ చలికాలం బాయిలర్ పెట్టాలంటే కట్టె పని నిరుడే మొదలవ్వాలి. నేలకి ఎత్తులో, గాలి తగిలేలా ఒంటి వరసగా పేర్చి, పైన మాత్రమే కప్పండి. చుట్టూ టార్పాలిన్ కట్టేస్తే లోపల చెమర్చి బూజు పడుతుంది.

ఇక్కడి అడవుల్లో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు యాష్ చెట్లను కోట్లలో చంపుతోంది. న్యూయార్క్‌లో 2009లో కనిపించింది. మా అడవిలో సగం కట్టె అలా చచ్చిన చెట్లదే. మంచి కట్టె, కానీ చచ్చిన యాష్ పెళుసుగా ఉండి నరికేటప్పుడు పైకొమ్మలు విరిగి మీద పడతాయి, అనుభవం లేకపోతే కూలీకి ఇవ్వండి. ఆ పురుగు పాకకుండా న్యూయార్క్‌లో వేడితో శుద్ధి చేయని వంటచెరకుని 50 మైళ్లు మించి తరలించకూడదు. కట్టె దగ్గర్లోనే కొనండి, ఎక్కడిదో చెప్పే కాగితం అడగండి.

చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క, మందు పట్టించిన పలకలు, ప్లైవుడ్, పాత రైలు స్లీపర్లు వేయకండి. నియమం కూడా అదే, పక్కవాళ్ల ఊపిరితిత్తులకూ అదే మంచిది.

తొమ్మిదో దశ: రోజువారీ నడక

తలుపు ఒక్కసారిగా తెరవకండి. ముందు పొగను నేరుగా గొట్టంలోకి వదిలే బైపాస్ మూత లాగి, తలుపు అంగుళం తెరిచి, కొన్ని క్షణాలు ఆగండి. లోపలి వాయువుకి ఒక్కసారి గాలి తగిలితే మంట బయటికి తన్నుతుంది. ముఖం పక్కకి పెట్టుకుని తెరవడం అలవాటు చేసుకోండి.

పూర్తిగా నింపేయడం పాత అలవాటు. తర్వాతి పన్నెండు గంటల వేడికి ఎంత కట్టె కావాలో అంతే వేయండి. బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజు మేం నాలుగు కట్టెలే వేస్తాం. ఏప్రిల్ మధ్యలో ఆపేసి, స్నానం నీళ్లకు కరెంటు గీజర్ వాడతాం. వేసవిలో స్నానం నీళ్ల కోసం ఇంత పెద్ద నిప్పు రాజేయడం పొగకీ నష్టమే, కట్టెకీ నష్టమే.

వారానికోసారి బూడిద తీయండి. ఆరినట్టే ఉంటుంది కానీ అడుగున నిప్పు రోజుల తరబడి ఉంటుంది. మూతున్న ఇనుప బకెట్‌లో పోసి, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా మట్టి మీద పెట్టండి. చల్లారాక తోటలో పల్చగా చల్లితే మట్టి పులుపు తగ్గుతుంది. మా తోటకూర, బచ్చలి మళ్లకి అదే వేస్తాం. బ్లూబెర్రీ మొక్కలకి మాత్రం వద్దు, వాటికి పులుపు మట్టే కావాలి.

నెలకోసారి గొట్టాలు, ఫ్యాన్ బ్రష్షుతో శుభ్రం చేయండి. సీజన్ చివర్లో బూడిదంతా తీసి, లోపలి గోడలు గీకి, తలుపు సీలు తాడు చూసి, పొగగొట్టం మీద మూత పెట్టండి. తడి బూడిద వేసవంతా లోపల ఉంటే ఇనుముకి తుప్పు పడుతుంది.

పొగగొట్టం వైపు రోజూ ఒకసారి చూడండి. రాజేసిన పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత కూడా తెల్లగానో, నీలంగానో పొగ వస్తుంటే కట్టె తడిదో, ఫ్యాన్ మూసుకుపోయిందో, సైజు పెద్దదో అయి ఉంటుంది. ఆ వరసలోనే వెతకండి, చాలాసార్లు మొదటిదే దొరుకుతుంది. నేను ఇప్పటికీ పొద్దున్నే కాఫీ పట్టుకుని కిటికీలోంచి ముందు గొట్టం చూస్తాను, తర్వాత రోడ్డవతలి ఇంటి కిటికీ. పోయిన చలికాలం ఆ పిల్లాడి గది కిటికీ ఒక వెచ్చటి మధ్యాహ్నం తెరిచి ఉంది.